మా జీపుబండి వణకు

ఒక దోషము కనబడినప్పుడు దానికి కారకుడెవడని విచారించుట లోకమునందు సామాన్యము. దానికి కారణమేదియని విచారించుట మాత్రము అరుదు. ఈ రెండు ప్రశ్నలకును గల భేదమును మాకు బోధించినది గ్రంథము గాదు, ఉపన్యాసమును గాదు; మన పాఠశాల ఆవరణములో చింతచెట్టు ప్రక్క రేకులపాకలో నుండు పాత జీపుబండి. ఆ వృత్తాంతమును మన సంచిక చదువరులకు విన్నవించుట మా విధియని తలచి, కొంత సంకోచముతోడనే ఈ వ్యాసమునకు పూనుకొనుచున్నాము. ఆ సంకోచమునకు హేతువేమో తుదిని తెలియగలదు.

మన బండి విల్లీస్ ఎంబి అను జాతిలోనిది. 1940వ సంవత్సరమున అమెరికా సైన్యము తేలికయైన చిన్న బండి కావలెనని కోరగా, బాంటం అను చిన్న కంపెనీ ఆ యేడు సెప్టెంబరు నెలలో మొదటి మాదిరిని నిర్మించి యిచ్చెను. పిమ్మట విల్లీస్ కంపెనీయు ఫోర్డు కంపెనీయు 1941 మొదలు 1945 వఱకు ఒకే తీరు బండ్లను ఆఱు లక్షలకు మించి తయారుచేసెను. నాలుగు సిలిండర్ల యింజను, 60 అశ్వముల శక్తి, ముందు వెనుక ఇరుసుల నడుమ 80 అంగుళముల దూరము, నాలుగు చక్రములకును శక్తి నందించు ఏర్పాటు, ఇవి దాని ముఖ్య లక్షణములు. యుద్ధానంతరము మన దేశమున మిగిలిపోయిన బండ్లు అనేకము డిస్పోజల్ అమ్మకములలో జనుల చేతికి వచ్చెను. 1947లో మహీంద్రావారు విల్లీస్ జీపులను మన దేశముననే కూర్చుట కారంభించిరి. మన బండి అంతకు ముందటిది. అది 1944లో తయారైనట్లు దాని ఫలకము చెప్పుచున్నది. మిషనువారు దానిని డిస్పోజల్‌లో కొని, వైద్యులను బోధకులను పల్లెలకు తీసికొనిపోవుటకై చిరకాలము వాడిరట. దానిని మొదట నడిపినవాడు ఇప్పటి మన డ్రైవరు తాతగారి తండ్రి, తరువాత తాత. ఇప్పుడది రోడ్డుమీద తిరుగుట లేదు. ఏటేట వార్షికోత్సవ దినమున మాత్రము పువ్వులతో అలంకరింపబడి ఆవరణములో ఊరేగును.

నిరుటి వార్షికోత్సవమున శిశుతరగతి పిల్లల నార్గురిని కూర్చుండబెట్టుకొని తాత ప్రార్థనాలయము ముందరి పల్లమున దిగివచ్చుచుండెను. ద్వారము దగ్గఱ బ్రేకు త్రొక్కగానే స్టీరింగు చక్రము అతని రెండు చేతులలోను నిలువక కొట్టుకొనజొచ్చెను. పాదము క్రింది పెడలు ఎగిరెగిరి పడెను. తాత కలవరపడి క్షణకాలము కాలు తీసెను. బండి జారిపోయి ద్వారపు స్తంభమును తాకి నిలిచెను. ఎవరికిని గాయము తగులలేదు. కాని ఒక బిడ్డ యేడ్చెను. ఆ యేడ్పును అక్కడ గుమికూడిన తలిదండ్రులందఱును వినిరి.

ఆ సాయంకాలమే పాలకవర్గమువారు తాళపుచెవిని తాత యొద్దనుండి తీసికొనిరి. వచ్చు వార్షికోత్సవమునాటికి దోషము కుదిరిన సరి, లేనియెడల బండిని పాత యినుము క్రింద అమ్మివేయవలసినదని తీర్మానించిరి. “వణకినది బండి కాదు, ముసలివాని కాలు” అని కొందఱు అనిరి. మేమును అంటిమి. తాత ఎవరికిని బదులు చెప్పలేదు. నాటినుండి అతడు ప్రతి ఉదయమును వచ్చి బండిపై దుమ్ము తుడిచి, చింతచెట్టు క్రింది అరుగుపై కూర్చుండి, మధ్యాహ్నమునకు ఇంటికి పోవుచుండెను.

ఈ సంవత్సరము విజ్ఞానశాస్త్రోపాధ్యాయులవారు పదవ తరగతిలో ఎనమండుగురము మాకు ఆ బండిని అప్పగించి, శనివారములందు దాని దోషమును కనుగొనుడని యాజ్ఞాపించిరి. మా యుత్సాహమునకు మేర లేకుండెను. ఉత్సాహముతోపాటు తొందరయు నుండెను.

స్టీరింగు వణకినది గనుక స్టీరింగులోనే దోషమున్నదని మేము మొదట నిశ్చయించితిమి. మాలో మేము చందా వేసికొని, ముందు చక్రములను కలుపు కడ్డీల కొనలయందలి బాల్ జాయింట్లను కొత్తవి వేయించితిమి. ఉపాధ్యాయులవారు బండి నెక్కి పల్లమున దిగి బ్రేకు వేసిరి. వణకు ముందువలెనే యుండెను. చందా మాత్రము ఖర్చయ్యెను. గంట మ్రోగుచోటును గంట త్రాటిని లాగుచోటును ఒకటి కానట్లే, వణకు బయటపడు చోటును అది పుట్టు చోటును ఒకటి కావని అప్పుడు తెలిసికొంటిమి.

రెండవ శనివారమున పట్టణములోని మోటారు మేస్త్రీ యొకడు మాకొక యుపాయము చెప్పెను. మెల్లగా పోవునప్పుడు చేతిబ్రేకు మాత్రము లాగవలెను. అప్పుడు వణకినచో వెనుక డ్రమ్ములు చెడినవి, వణకకున్నచో ముందరివి చెడినవి. ఇది నేటి చాల బండ్లకు చెల్లునట్టి మంచి సూత్రమే. ఏలయన, ఆ బండ్లలో చేతిబ్రేకు వెనుక చక్రముల బ్రేకులనే పట్టును. మేమట్లే చేసితిమి, వణకు లేదు. వెనుక డ్రమ్ములు నిర్దోషములని సంతోషించితిమి. కాని ఉపాధ్యాయులవారు బండి క్రిందికి వంగి చూడుడనిరి. చూడగా, మన జీపులో చేతిబ్రేకు చక్రములయొద్దనే లేదు! గేరుపెట్టె వెనుకనున్న ట్రాన్స్‌ఫరు కేసు చివర, ప్రొపెల్లరు షాఫ్టు బయలుదేరు తావున, ఒక చిన్న డ్రమ్మును చుట్టి పట్టీరూపముగా నున్నది. అది బిగిసినప్పుడు ఆగునది షాఫ్టు. షాఫ్టు ద్వారా వెనుక చక్రములు నిలుచును గాని, వాని డ్రమ్ములకు దానితో ప్రసక్తియే లేదు. సూత్రము సత్యమే, కాని మన బండికి సంబంధించినది కాదు. ఇతర బండ్లకు తగిన పరీక్షచే ఈ బండికి తీర్పు చెప్పుట, ఒకరి నేరమునకు వేఱొకరి సాక్ష్యమును గైకొనుట వంటిది.

మూడవ శనివారమున ఉపాధ్యాయులవారు మమ్ములను కూర్చుండబెట్టి ఇట్లు ప్రశ్నించిరి: “బండి ఎంతగా వణకుచున్నదో మీరందఱును చెప్పుచున్నారు. ఎన్ని మారులు వణకుచున్నదో ఎవరైన లెక్కించితిరా?” మేము తల వంచుకొంటిమి.

అప్పుడు లెక్క ప్రారంభించితిమి. టైరుపై సున్నముతో నొక గుర్తు పెట్టి, బండిని త్రోసి, చక్రము ఒక చుట్టు తిరుగుటకు 2 మీటర్ల 20 సెంటీమీటర్ల నేల పట్టునని కొలిచితిమి. అనగా 22 మీటర్లకు 10 చుట్లు. ప్రార్థనాలయము ముందరి పల్లమున 22 మీటర్ల దూరమున రెండు సున్నపు గీతలు గీచితిమి. ఉపాధ్యాయులవారు గేరు తీసి, యింజను నడుచుచుండగనే, మనిషి నడకవేగమున బండిని దిగవిడుచుచు, బ్రేకును మెల్లగా నొక్కి పట్టిరి. పెడలు పాదమును తన్నిన ప్రతిమారును బిగ్గరగా “ఒకటి, రెండు” అని లెక్కించిరి. రెండు గీతల నడుమ లెక్క 20. మరల చేయగా 20. మూడవమారు 19. బ్రేకు తీసి విడిచినప్పుడు లెక్కింపదగినది ఏమియు లేకుండెను.

ఈ చిన్న లెక్కలో ఎంత సాక్ష్యమున్నదో చదువరులు గమనింతురు గాక. బ్రేకు వేయనప్పుడు వణకు లేదు గనుక, టైర్లకును రిమ్ములకును ఆ నింద తగదు. దోషము షాఫ్టులోనున్నచో లెక్క వేఱుగా నుండవలెను. ఈ బండిలో చక్రము ఒకసారి తిరుగులోపల ప్రొపెల్లరు షాఫ్టు 4.88 మారులు తిరుగును. 10 చుట్లకు సుమారు 49 తాకులు రావలెను. డ్రమ్ము కేంద్రము తప్పియున్నయెడల చుట్టునకు ఒకటి చొప్పున 10 రావలెను. మాకు వచ్చినవి 20. అనగా చుట్టునకు రెండు. గుండ్రముగా నుండవలసిన డ్రమ్ము కోడిగ్రుడ్డువలె కొంచెము కోలగా మాఱినపుడే చుట్టునకు రెండు తాకులు వచ్చును. డ్రమ్ము లోపలి రెండు షూలును పొడవైన ప్రక్కన వెలుపలికి జరుగును, పొట్టి ప్రక్కన లోపలికి నెట్టబడును. అవి లోపలికి వచ్చినపుడు చక్రపు సిలిండరులోని ద్రవము వెనుకకు పోయి పెడలును పైకి తన్నును. అది మన పాదమునకు తెలియును. వణకు స్టీరింగులో బలముగా నున్నది గనుక, ఆ డ్రమ్ము ముందరి రెంటిలో నొకటి కావలయును.

తరువాత ముందు భాగమును జాకీపై నెత్తితిమి. చక్రమును పైని క్రిందను పట్టి యూపి, బేరింగులలో వదులు లేదని చూచితిమి. స్ప్రింగుల బిగింపులను పరీక్షించితిమి. ఇవి వదులైనపుడు అల్పమైన వణకును గొప్పదిగా చేయును గనుక, వీనిని మొదట చూడక ముందుకు పోరాదు. పిమ్మట బ్రేకు పళ్లెము వెనుకనున్న సవరింపు నట్టును తిప్పి, షూ డ్రమ్మునకు కొద్దిగా తగులునంతవఱకు తెచ్చి, చక్రమును చేతితో మెల్లగా త్రిప్పితిమి. కుడి చక్రమున ఒరపిడి చుట్టంతయు ఒకే తీరున వినబడెను. ఎడమ చక్రమున ఒకచోట పట్టెను, వదలెను. సరిగా ఎదుటి వైపున మరల పట్టెను, వదలెను. దోషి దొరికెనని మేము కేకలు వేసితిమి.

ఇక డ్రమ్మును తీయవలెను. దానికి ముందు చక్రపు నట్లను విప్పవలెను. స్పానరును తగిలించి, దాని పిడికి పొడవైన యినుపగొట్టమును తొడిగి, ఇద్దఱము వ్రేలాడితిమి. నట్టు కదలలేదు. మూడవవాడును చేయి వేయబోయెను. అప్పుడు అరుగుపైనుండి తాత గొంతు వినబడెను: “అటు కాదు బాబూ. ఎడమ చక్రాలకు ఎడమచుట్టు మర. కుడికి తిప్పితేనే వదులుతుంది. మీరు బిగిస్తున్నారు.”

మా చేతులలోని గొట్టము క్రింద పడెను.

ఇక్కడ మా సంకోచమునకు హేతువును చెప్పవలసియున్నది. నిరుటి వార్షికోత్సవమునకు నాలుగు దినములు ముందు, బండి చక్రములకు రంగు వేయు పనిని మాకే యిచ్చిరి. కుడివైపు చక్రములు సులభముగా వచ్చెను. ఎడమవైపు ముందు చక్రముకడ ఇదే స్పానరును ఇదే గొట్టమును తగిలించి, ఎడమవైపునకు త్రిప్పి, అయిదు నట్లలో మూటిపై మా బలమంతయు చూపితిమి. రాకపోగా, తుప్పు పట్టినదని చెప్పి, చక్రమును బండికే యుంచి రంగు వేసితిమి. విప్పుచున్నామనుకొని మేము బిగించుచుంటిమి. అదియు అయిదింటిలో మూటిని మాత్రమే. తాత ఆ దినము ఊర లేడు. నాలుగు దినములకు బ్రేకు వణకెను.

ఇది ఊహ మాత్రమేనా యని పరీక్షింపవలసి యుండెను. తాత చెప్పినట్లు కుడికి త్రిప్పగా, చాల కష్టముమీద నట్లు వదలెను. తరువాత అయిదింటిని ఒకదాని తరువాత దాని ప్రక్కదానిని గాక, నక్షత్రాకారముగా ఎదురెదురు వరుసలో, కొంచెము కొంచెముగా సమముగా బిగించితిమి. మరల చక్రమును త్రిప్పి చూడగా, పట్టు మునుపటికంటె స్పష్టముగా తగ్గెను. కాని పూర్తిగా పోలేదు. తగ్గుటచేత కారణము మా బిగింపేయని తేలెను. ఈ బండిలో డ్రమ్ము చక్రమునకును హబ్బునకును నడుమ నుండును. మూడుచోట్ల అమిత బలమును రెండుచోట్ల అల్ప బలమును పడినచో అది వంగక తప్పదు. కొంత మిగిలియుండుటచేత, ఆ వంపు కొంతవఱకు లోహమున శాశ్వతముగా నిలిచినదనియు తేలెను.

1944లో అమెరికా యుద్ధశాఖవారు ఈ బండికై ప్రకటించిన టిఎం 9-803 అను పుస్తకపు ప్రతిని ఉపాధ్యాయులవారు తరువాత మాకు చూపిరి. ఎడమ చక్రములకు ఎడమచుట్టు మరలున్న సంగతి అందు కలదు. ముందునకు పోవునప్పుడు చక్రభ్రమణముచేత నట్లు తమంతట వదులుకాకుండుటకై ఆ కాలపు పెక్కు బండ్లలో అట్లు చేయుచుండిరి. పుస్తకమును ముందు చదివియుండిన యెడల, లేదా అరుగుపై కూర్చున్న ఆ మనుష్యుని ఒక్క మాట అడిగియుండిన యెడల, ఈ వ్యాసమే పుట్టకుండెడిది.

డ్రమ్మును విప్పునపుడు ఒక జాగ్రత్త గైకొంటిమి. దానిని చదువరులకు ముఖ్యముగా చెప్పుచున్నాము. పాత బండ్ల బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరినచో ఎన్నో యేండ్లకు పిదప ఘోరవ్యాధులు కలుగును. కాబట్టి ఊదరాదు, పొడి గుడ్డతో దులుపరాదు. మేము దూరముగా నిలిచితిమి. ఉపాధ్యాయులవారు మూతికి తగిన కవచము ధరించి, నీటితో తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టివేసిరి.

లేతు పనివాని యొద్ద కొలువగా, డ్రమ్ము లోపలి వ్యాసము ఒకవైపున కంటె దానికి అడ్డమువైపున అంగుళములో వేయింట 12 పాళ్లు హెచ్చుగా నుండెను. తలవెండ్రుకలు నాలుగయిదు ప్రక్కప్రక్కన పెట్టిన మందము! అంత మాత్రమే ఒక వృద్ధుని యేడాది గౌరవమును హరించెను. ఈ డ్రమ్ముల లోపలి వ్యాసము 9 అంగుళములు. ఇట్టివానిని చెక్కుటకు వేయింట 60 పాళ్లు తుది హద్దని పనివారు సాధారణముగా పాటింతురు; మాకు అందులో కొద్దియే చాలెను. రెండువైపుల బ్రేకును సమముగా పట్టుటకై కుడి డ్రమ్మును కూడ అదే కొలతకు చెక్కించితిమి. సాగియున్న బోల్టు నొకదానిని మార్పించితిమి. షూలను కొత్త కొలతకు సవరించితిమి. ఈ బండిలో నాలుగు చక్రములకును ద్రవమార్గము ఒకటియే. ఒక గొట్టము పగిలినను అన్ని బ్రేకులును పోవును. అందుచే గొట్టములను చేతిబ్రేకును కూడ మేస్త్రీచే పరీక్షింపజేసితిమి. అతడు ఖాళీ రోడ్డుపై గంటకు 40 కిలోమీటర్ల వేగమునుండి పలుమారులు ఆపి చూచి, వణకు లేదనెను. పిమ్మట మన పల్లమున ఆ రెండు గీతల నడుమ మరల లెక్క పెట్టితిమి. లెక్కింపుటకు ఏమియు లేదు.

ఇక మిగిలినది వేఱొక సవరింపు. అది లేతుమీద జరుగునది కాదు. పొరుగువాని కంటిలోని నలుసును తన కంటిలోని దూలమును గుఱించిన యుపమానమును మేము చిన్ననాటినుండి వినుచున్నారము. దానిపై పరీక్షలో మార్కులును పొందితిమి. అది మన జీపు చక్రమునకు చెల్లునని మాత్రము తోచలేదు. ఎనమండుగురమును సంతకములు చేసి, జరిగినదంతయు పాలకవర్గమువారికి వ్రాసి యిచ్చితిమి. తరువాత అరుగు దగ్గఱకు పోయి తాతతో చెప్పితిమి. అతడు చాలసేపు పలుకలేదు. “ఆనాడు బ్రేకు మీదనుంచి కాలు తీశాను నాయనా, అది నా తప్పే. వణికినా తొక్కే ఉంచాల్సింది. ఆ పసివాళ్లు గుర్తుకొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు” అని మాత్రము అనెను. మేము అతని తప్పును క్షమింపరాలేదు, మా తప్పును చెప్పుకొన వచ్చితిమి. కాని తన వంతును అతడే ముందు ఒప్పుకొనెను. ఆ సమయమున మాకు కలిగిన సిగ్గును వర్ణింపజాలము.

పాలకవర్గమువారు బండిని అమ్ము తీర్మానమును రద్దుచేసి, తాళపుచెవిని తాతకు మరల ఇచ్చిరి. పిల్లలను ఎక్కించుకొనుటకు తాత తానే యొప్పుకొనలేదు. ఈ యేటి ఉత్సవమున బండిలో పువ్వులును, పదవీవిరమణ చేసిన ఇద్దఱు ఉపాధ్యాయులును మాత్రమే యుండిరి. బండి పల్లమున దిగి, ద్వారమునకు బారెడు దూరమున మెత్తగా నిలిచెను.

అంతకు ముందు దినమున మేము ఎడమవైపు రెండు చక్రములపై ఎఱ్ఱరంగుతో బాణపు గుర్తులు వేసి, “విప్పుటకు ఇటు” అని వ్రాసితిమి. తాత వానిని చూచి నవ్వి, “ఇది నాకు కాదు గదా బాబూ” అనెను.

“కాదు తాతా, మాకు” అంటిమి.